తన పాట, తన మాట, తన సంతకం – భానుమతి రామకృష్ణ

(మహాసభల మహిళా వేదికలో చేసిన ప్రసంగ పాఠం)



పక్క హాల్లో పాటల పోటీ జరుగుతోంది. అవతల భోజనాల వరస మొదలవబోతోంది. ఆ రెండిటినీ కాదని మీరిక్కడ కూర్చున్నారంటే అది నా గొప్ప కాదు, భానుమతిగారి గొప్ప. ఆవిడ పేరుకి ఇప్పటికీ అంత బలం ఉంది.

2025 సెప్టెంబరు 7తో ఆమె పుట్టి నూరేళ్ళు నిండాయి. శతజయంతి అనగానే మనం ఒక దండ, ఒక దీపం, నాలుగు పాటలతో సరిపెడతాం. ఈ రోజు నేను ఒకే ఒక్క మాట గురించి మాట్లాడదామనుకుంటున్నాను. భానుమతి అనగానే మన ఇళ్ళల్లో పెద్దవాళ్ళు వెంటనే అనే మాట అది. "మహానటే గానీ, పొగరు!" ఈ "గానీ" వెనక ఏముందో కాసేపు చూద్దాం.

ఒంగోలు దగ్గర దొడ్డవరం ఆవిడ ఊరు. తండ్రి బొమ్మరాజు వెంకటసుబ్బయ్యగారు, తల్లి సరస్వతమ్మగారు. తండ్రికి సంగీతమంటే ప్రాణం. కూతురికి మొదటి గురువు ఆయనే. ఆడపిల్లకి పాట నేర్పడం గౌరవం, సినిమాలకి పంపడం అగౌరవం అనుకునే రోజులవి. అయినా 1939లో సి. పుల్లయ్యగారు తీసిన "వరవిక్రయం"లో కాళింది వేషానికి ఆమెని పంపారు. అయితే ఒక షరతు పెట్టారు. పాత్రధారులెవరూ తన కూతుర్ని తాకకూడదు, కౌగలింతల్లాంటివి ఉండకూడదు అని. ఈ షరతు ఇవాళ మనకి నవ్వు తెప్పించవచ్చు. కానీ గమనించండి, పదమూడేళ్ళ పిల్ల సినిమాల్లోకి అడుగుపెట్టిన మొదటి రోజే షరతులు చెప్పి పెట్టింది. షరతు తండ్రిది. షరతు పెట్టవచ్చు అన్న పాఠం మాత్రం కూతురిది.

"వరవిక్రయం" కాళ్ళకూరి నారాయణరావుగారి నాటకం. కట్నమిచ్చి మొగుణ్ణి కొనుక్కోవడం ఇష్టం లేక కాళింది నూతిలో దూకి చచ్చిపోతుంది. చెల్లెలు కమలగా పుష్పవల్లి నటించారు. ఆ సినిమా వచ్చి ఎనభై ఏళ్ళు దాటింది. 1961లో వరకట్న నిషేధ చట్టం కూడా వచ్చింది. కానీ "అమెరికా సంబంధం" అన్న రెండు మాటలకి మన జిల్లాల్లో ఇప్పటికీ ఎంత ధర పలుకుతుందో ఈ హాల్లో కూర్చున్నవాళ్ళకి నేను చెప్పక్కర్లేదు. కాళింది పాతబడిందని ఎవరైనా అంటే నేనొప్పుకోను.

తర్వాత "మాలతీ మాధవం", "ధర్మపత్ని", "కృష్ణప్రేమ" వచ్చాయి. "కృష్ణప్రేమ"కి సహాయ దర్శకుడుగా పనిచేసిన పి.ఎస్. రామకృష్ణారావుగారిని 1943 ఆగస్టు 8న పెళ్ళి చేసుకున్నారు. ఇంట్లో పెద్దల ఇష్టానికి ఎదురు నిలిచి చేసుకున్న పెళ్ళి. తమాషా ఏమిటంటే, అంత ధైర్యం చేసిన మనిషి పెళ్ళయ్యాక సినిమాలు మానేసి, ఇల్లు చూసుకుంటూ హాయిగా ఉండాలనుకున్నారు. పొగరుబోతు అని మనం అనుకునే భానుమతిగారి కల ఒక చిన్న ఇల్లు, మధ్యాహ్నం పూట కాస్త తీరిక!

బి.ఎన్. రెడ్డిగారు వచ్చి అడగబట్టి "స్వర్గసీమ" చేశారు. 1945లో అది విడుదలైంది. వీధిలో ఆటపాటలతో పొట్టపోసుకునే సుబ్బి, నాటకాల సుజాతాదేవిగా మారి, ఒక సంసారిని దారి మళ్ళిస్తుంది. ఆ సంసారి చిత్తూరు నాగయ్యగారు. అందులో పావురం పాట మీ అందరికీ తెలుసు. "బ్లడ్ అండ్ శాండ్" అనే హాలీవుడ్ సినిమాలో రీటా హేవర్త్ తీసిన కూనిరాగం ఆ పాటకి ప్రేరణ అని చెబుతారు. దొడ్డవరం పిల్ల హాలీవుడ్ రాగాన్ని విని, దాన్ని తెలుగు గొంతులో ఇమిడ్చి, మన వీధిగుమ్మాల్లో నిలబెట్టింది. పరాయిదాన్ని మనదిగా చేసుకోవడం గురించి ప్రతి మహాసభల్లోనూ ఉపన్యాసాలు వింటాం. ఆవిడ అది ఒక్క పాటలో చేసి చూపించారు.

1947లో దంపతులిద్దరూ కొడుకు పేరు మీద భరణీ సంస్థ ప్రారంభించారు. "రత్నమాల", "లైలా మజ్ను", "ప్రేమ", "చక్రపాణి", "విప్రనారాయణ", శరత్ నవల "బడదీది" ఆధారంగా "బాటసారి" – ఇలా ఒక్కొక్కటే వచ్చాయి. మద్రాసు సాలిగ్రామంలో భరణీ స్టూడియో వెలిసింది. ఆ రోజుల్లో తారలు ఎవరి స్టూడియోలోనో జీతానికో, కాంట్రాక్టుకో పనిచేసేవాళ్ళు. ఈవిడ కెమెరా ముందు నిలబడ్డ నేల కూడా తనదే అనేలా చేసుకున్నారు. ఇలాంటివారు ఆవిడ ఒక్కరే కాదు. 1949లో "మనదేశం" నిర్మించి, ఎన్.టి. రామారావుగారిని తెరకి పరిచయం చేసిన కృష్ణవేణిగారున్నారు. అంజలీదేవిగారు సొంత సంస్థ నడిపారు. ఆ తరం ఆడవాళ్ళని గ్లామర్ బొమ్మలుగా మాత్రమే గుర్తుపెట్టుకోవడం మన లోపం.

ఇక 1951 చివర్లో వచ్చిన "మల్లీశ్వరి". బి.ఎన్. రెడ్డిగారి దర్శకత్వం, దేవులపల్లి కృష్ణశాస్త్రిగారి మాట, పాట, సాలూరి రాజేశ్వరరావుగారి స్వరం, నాగరాజుగా రామారావుగారు. ఎన్నిసార్లు చూశామో మనకే లెక్క తెలీదు. ఈసారి ఈ దేశంలో ఉన్న ఆడదాని కళ్ళతో చూడండి. బావ వేళాకోళంగా అన్న మాట పట్టుకుని రాయలవారు పల్లకి పంపిస్తారు. తల్లి నగలు చూసి పొంగిపోతుంది. ఊరంతా అదృష్టం అంటుంది. పిల్లని మాత్రం ఎవరూ అడగరు. రాణివాసంలో అన్నీ ఉంటాయి, బయటికి వచ్చే దారి తప్ప.

మనలో ఎంతమంది అలాంటి పల్లకిలో ఇక్కడికి వచ్చారు? ఇక్కడ దాని పేరు డిపెండెంట్ వీసా. ఎం.ఎస్సీ.లు, ఇంజనీరింగులు చదివి, ఉద్యోగం చేసే అనుమతి లేక, మంచు కురిసే కిటికీ ముందు ఏళ్ళకేళ్ళు కూర్చున్న ఆడపిల్లలు మనకందరికీ తెలుసు. 2015లో హెచ్-4 వీసా మీద ఉన్న కొందరికి పనిచేసే వీలు కల్పించారు, అందరికీ కాదు. మంచి మొగుడు దొరికితే ఆ రాణివాసం ఇల్లవుతుంది. దొరక్కపోతే? భానుమతిగారు అరమోడ్పు కన్నులతో, పెద్దగా ఏడవకుండా పలికించిన ఆ ఒంటరితనం అప్పుడు అర్థమవుతుంది.

1953లో "చండీరాణి" తీశారు. ద్విపాత్రాభినయం ఆవిడదే, దర్శకత్వం ఆవిడదే, పాటలు సరేసరి. అదీ తెలుగు, తమిళం, హిందీ మూడు భాషల్లో. అంతకుముందు హిందీ వైపు ఫాత్మా బేగం, తమిళంలో టి.పి. రాజలక్ష్మి దర్శకత్వం చేసినవాళ్ళున్నారు. తెలుగులో మొదటి దర్శకురాలు మాత్రం ఈవిడే. ఒక బిడ్డ తల్లి, ఇరవై ఎనిమిదేళ్ళు కూడా నిండని వయసు, మూడు భాషల సెట్లు. ఇందులో పొగరుకి తీరికెక్కడుంది చెప్పండి?

అయితే "మిస్సమ్మ" సంగతేమిటని మీలో కొందరు అడగబోతున్నారు. అడగాల్సిందే. ఆ సినిమా మొదట భానుమతిగారితో మొదలై కొంత చిత్రీకరణ కూడా జరిగింది. షూటింగుకి ఆలస్యంగా వచ్చారన్న దగ్గర నిర్మాత చక్రపాణిగారికీ ఆమెకీ మాట పట్టింపు వచ్చిందనీ, క్షమాపణ రాసిమ్మంటే ఆమె ఒప్పుకోలేదనీ చెబుతారు. ఆ పాత్ర సావిత్రిగారికి వెళ్ళింది. సావిత్రిగారికి అనుకున్న పాత్ర జమునగారికి వెళ్ళింది. 1955లో విడుదలైన "మిస్సమ్మ" ఏం చేసిందో చరిత్రకి తెలుసు. భానుమతిగారు దాన్ని మనసులో పెట్టుకుని కుళ్ళుకోలేదు. తన వల్ల ఒక గొప్ప నటి వెలుగులోకి వచ్చిందని సంతోషపడ్డారు. నష్టం భరించే శక్తి ఉన్నవాళ్ళకే "కాదు" అనే హక్కు నిలుస్తుంది. ఆమెకి ఆ శక్తి ఉంది. సొంత సంస్థ, సొంత గొంతు ఉన్నాయి. ఆ రెండూ లేని నటి ఆ రోజు ఆ కాగితం మీద సంతకం పెట్టి ఉండేది. మనం ఆమెని "వినయవంతురాలు" అని మెచ్చుకునేవాళ్ళం.

తమిళదేశం ఆవిడని తన బిడ్డగానే చూసుకుంది. ఎం.జి. రామచంద్రన్‌తో "మలైక్కళ్ళన్", "అలీబాబావుం నార్పదు తిరుడర్గళుం", "మదురై వీరన్", "నాడోడి మన్నన్" చేశారు. అణ్ణాదురైగారి కథతో "రంగూన్ రాధా" చేశారు. నటనకి వ్యాకరణం అన్న అర్థం వచ్చే బిరుదుతో అణ్ణాదురైగారు ఆమెని గౌరవించారు. మాతృభాష ఒకటి, ఉన్న ఊరి భాష మరొకటి అయినా రెండిట్లోనూ తలెత్తుకు తిరగవచ్చని అమెరికాలో ఉన్న మనకి ఆమె కన్నా మంచి ఉదాహరణ దొరకదు.

ఇప్పుడు మీ పెదాల మీద నవ్వు రావాల్సిన ఘట్టం. "అత్తగారి కథలు". సినిమా తార రాసిందని కాక, మంచి హాస్యమని చదివిన పుస్తకం అది. ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ బహుమతి పొందింది. మన సినిమాల్లో అత్తగారంటే గయ్యాళి, లేకపోతే కన్నీళ్ళ కుండ. భానుమతిగారి అత్తగారు ఆ రెండూ కాదు. మడి, ఆచారం, పెద్దరికం, అమాయకత్వం అన్నీ కలిసిన మనిషి. తనకి తెలియనిది లోకంలో లేదనుకుంటుంది. కోడలు ఆవిడని చూసి నవ్వుతుంది, ఎగతాళి చేయదు. ఆ రెండిటికీ మధ్య ఉన్న సన్నని గీత కనిపెట్టడం చాలా కష్టం. ఆర్నెల్ల విజిటర్ వీసా మీద వచ్చి, డిష్‌వాషర్ మైలపడుతుందని గిన్నెలు చేత్తో కడిగే మన అత్తగార్ల మీద అలాంటి కథలు ఎవరైనా రాయాలి. ఈ హాల్లోనే ఆ కోడళ్ళున్నారు, అత్తగార్లూ ఉన్నారు. ఇద్దరూ కలిసి రాస్తే మరీ మంచిది.

ఎనభైలలో మద్రాసు ప్రభుత్వ సంగీత కళాశాలకి ప్రిన్సిపాల్‌గా పనిచేశారు. 1982లో అంతా పిల్లలతోనే "భక్త ధ్రువ మార్కండేయ" తీశారు. 1984లో "మంగమ్మగారి మనవడు"లో మంగమ్మగా వచ్చి, కుర్రకారు నిండిన హాళ్ళని ఒక్క చూపుతో అదుపులో పెట్టారు. అరవైకి దగ్గరపడ్డా అందులోనూ తన పాట తానే పాడుకున్నారు. ఆత్మకథ "నాలో నేను"కి సినిమా మీద ఉత్తమ గ్రంథంగా జాతీయ బహుమతి వచ్చింది. 1966లో పద్మశ్రీ, 2001లో పద్మభూషణ్ అందుకున్నారు. 2005 డిసెంబరు 24న చెన్నైలో కన్నుమూశారు.

ఆమెని దేవతని చేయడం నా ఉద్దేశం కాదు. ఆమెకి అందిన ఆసరాలు చాలామందికి అందవు. సంగీతం నేర్పిన తండ్రి, భార్య సంతకం పక్కన తన సంతకం పెట్టడానికి చిన్నతనం పడని భర్త, డబ్బు సంపాదించే వృత్తి. అంత ఆసరా ఉండి కూడా ఆమెకి మిగిలిన పేరు "పొగరు". ఆ రోజుల్లో చక్రపాణిగారు ముక్కుసూటి మనిషి. బి.ఎన్. రెడ్డిగారు రాజీపడని మనిషి. ఇద్దరూ నిజంగా గొప్పవాళ్ళే. అదే గుణం భానుమతిగారిలో కనిపిస్తే పొగరు. నిఘంటువు ఒకటే, అర్థాలు రెండు.

ఈ తేడా మన ఇళ్ళల్లో ఇంకా ఉంది. మాటకి బదులు చెప్పిన కొడుకుని "లీడర్‌షిప్ ఉందండీ" అంటాం. కూతుర్ని "నోరు పెరిగింది" అంటాం. పిల్లలకి రెండు భాషలూ వచ్చు, ఈ తేడా వాళ్ళకి రెండు భాషల్లోనూ అర్థమవుతుంది.

అందుకని రెండు మనవులు చేసుకుని ముగిస్తాను. మొదటిది తేలిక. ఇళ్ళకి వెళ్ళాక ఒక శనివారం రాత్రి పిల్లల్ని పక్కన కూర్చోబెట్టుకుని "మల్లీశ్వరి" చూడండి. పల్లకి వచ్చినప్పుడు ఆపి, "ఈ అమ్మాయిని ఎవరైనా అడిగారా?" అని వాళ్ళని అడగండి. వాళ్ళే చెబుతారు.

రెండోది అక్కలకి, చెల్లెళ్ళకి. మీ ఇంటి కాగితాలు ఒక్కసారి తీసి చూడండి. ఇల్లు ఎవరి పేర ఉంది, బ్యాంకు ఖాతాలో మీ సంతకం ఉందా, మీ పాస్‌పోర్టు ఎక్కడుందో మీకు తెలుసా. ఇది మొగుడి మీద అనుమానం కాదు. రామకృష్ణారావుగారు, భానుమతిగారు నలభై ఏళ్ళకి పైగా కలిసి బతికారు, కలిసి పనిచేశారు. ఇద్దరి సంతకాలూ ఉన్న కాపురం అది. అలాంటి కాపురాలు మన ఊళ్ళల్లో ఇంకా ఎక్కువవ్వాలని కోరుకుంటున్నాను. భోజనాలకి ఇక వెళ్ళవచ్చు.