విడిపోయినా బిడ్డ వైద్యం ఇద్దరిదీ



థింసా గురించి, పండగల గురించి మిగతావాళ్లు చెబుతారు. మేము ఆసుపత్రి ఖర్చు గురించి మాట్లాడదామని వచ్చాం.

మనలో ఓ జంట విడిపోతే పెద్దలు కూర్చుంటారు. ఓలి, తప్పు, పశువులు, సామాన్లు అన్నీ తేలుస్తారు. కోర్టుల చుట్టూ తిరగకుండా తేలే ఈ పద్ధతిని మేము తక్కువ చేయం. కేంద్రం ప్రత్యేకంగా ప్రకటిస్తే తప్ప 1955 హిందూ వివాహ చట్టం షెడ్యూల్డు తెగలకు వర్తించదు. అందుకే విడాకులు మన ఆచారం ప్రకారమే జరుగుతాయి. కానీ రేపు బిడ్డకు జబ్బు చేస్తే డబ్బు ఎవరు పెట్టాలన్న మాట అక్కడ ఎవరూ ఎత్తరు. "బిడ్డ తల్లి దగ్గరుంటాడు" అని లేచిపోతారు. తండ్రి గాజువాకలో కాంట్రాక్టు పనిలో ఉంటాడు, తల్లి పాడేరులో కూలికి పోతుంది. బిడ్డ జబ్బు మొత్తం ఆమె నెత్తినే పడుతుంది.

మన పిల్లల్లో కనిపించే సికిల్ సెల్ జబ్బునే చూడండి. మందులు, రక్త పరీక్షలు ఏళ్ల తరబడి ఉంటాయి. నొప్పులొస్తే ఆసుపత్రిలో చేర్చాలి, ఒక్కోసారి రక్తం ఎక్కించాలి. కేజీహెచ్‌లో వైద్యానికి డబ్బు కట్టకపోయినా బస్సు చార్జీలు, తోడున్నవాళ్ల తిండి, పోయిన కూలి ఎవరిస్తారు? పైగా "మీ వైపు నుంచి వచ్చిన రోగం" అని తల్లినే అంటారు. ఇది శుద్ధ అబద్ధం. సికిల్ సెల్ ఎనీమియా బిడ్డకు రావాలంటే ఆ జన్యువు తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి రావాలి. జబ్బు ఇద్దరి నుంచీ వచ్చినప్పుడు ఖర్చు ఒక్కరిదెలా అవుతుంది? (2023లో మొదలైన జాతీయ మిషన్ కింద పరీక్షలు చేస్తున్నారు. పెళ్లి మాటలకు ముందే చేయించుకోండి.)

ఎవరెంత పెట్టాలి? చెరి సగం అంటే వినడానికి బాగుంటుంది గానీ మాకది న్యాయంగా తోచదు. పద్మజా శర్మ కేసులో 2000లో సుప్రీంకోర్టు, ఇద్దరూ సంపాదిస్తున్నారు కనుక పిల్లల ఖర్చును జీతాలను బట్టి రెండు వంతులు తండ్రి, ఒక వంతు తల్లి భరించాలంది. తండ్రికి 20 వేలు, తల్లికి 10 వేలు వస్తే, 6 వేల ఖర్చులో ఆయన 4 వేలు, ఆమె 2 వేలు. ఈ లెక్క మన పెద్దలకూ తెలిసిందే, కాగితం మీద పెట్టడమే మిగిలింది. చార్జీలు, పోయిన కూలి కూడా ఖర్చే అని అందులో రాయించండి. ఎన్ని రోజుల్లో డబ్బు పంపాలో కూడా రాయించండి. లేకపోతే "బిల్లు చూపించు, ఆ పరీక్ష ఎందుకు చేయించావు" అని నెలలు గడుస్తాయి.

ఇంకో మాట. నెలకు 21 వేల లోపు జీతమున్న కాంట్రాక్టు కార్మికులు చాలామందికి ఈఎస్ఐ ఉంటుంది. వాళ్ల మీద ఆధారపడిన పిల్లలకూ అందులో వైద్యం ఉంది. విడిపోయాక భార్య పేరు తీయించే హడావిడిలో బిడ్డ పేరు కూడా పోకుండా చూసుకోండి. కార్డు నకలు తల్లి దగ్గరుండాలి.

తండ్రి మాట తప్పితే? పెద్దల దగ్గరికి మళ్లీ వెళ్లండి. అక్కడా తేలకపోతే, భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 144వ సెక్షన్ ఉంది. పాత సీఆర్‌పీసీ 125 అదే. ఇది తెగ, మతం చూడదు. తాత్కాలిక భరణం దరఖాస్తును నోటీసు అందిన 60 రోజుల్లో వీలైనంతవరకు తేల్చాలని అందులోనే ఉంది. "పెద్దల ముందు ఏమీ అడగనని ఒప్పుకుంది" అన్నా, తల్లి ఒప్పుకున్నంత మాత్రాన బిడ్డ హక్కు పోదు.

లాయరు ఫీజుకు భయపడకండి. షెడ్యూల్డు తెగలవారికి ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయ సహాయం ఉంది, ఫోన్ నంబరు 15100. వెళ్లేటప్పుడు మందుల చీటీలు, బిల్లులు, బస్సు టికెట్లు తేదీల వారీగా పట్టుకెళ్లండి. ఇంట్లో అక్కకో వదినకో ఈ అవసరం పడితే వాటిని ఫోన్లో ఫోటో తీసి దాచే పని మీలో ఒకరు తీసుకోండి.