కారు ఆగిపోతే ముందు చూడాల్సింది బోనెట్ కాదు

 

సంక్రాంతి దగ్గర పడింది. హైదరాబాద్ నుంచి విజయవాడ వెళ్లే 65వ నంబర్ హైవే మీద పంతంగి టోల్ దగ్గర లైన్ ఎలా ఉంటుందో మీకు నేను చెప్పక్కర్లేదు. ఆ లైన్‌లో ఉన్నవాళ్లలో చాలామంది రోజూ ఆఫీసుకి, ఇంటికి తప్ప కారుని ఎక్కడికీ తీయనివాళ్లే. కొందరిది నాన్న కారు, కొందరిది సెల్ఫ్ డ్రైవ్ కారు. అలాంటి కారు చిట్యాల దాటాక, రాత్రి తొమ్మిదింటికి, రోడ్డు మధ్యలో ఆగిపోతే ఏం చేయాలి? ఈరోజు ఎపిసోడ్ దాని గురించే. మెకానిక్ పని నేర్పించను. ఏది ముందు, ఏది తర్వాత అన్న వరుస మాత్రం చెప్తాను. ఆ వరుస తప్పితేనే ప్రాణాల మీదకి వస్తుంది.

కారు ఆగిపోగానే మనం చేసే మొదటి పని ఏంటి? దిగుతాం, బోనెట్ ఎత్తుతాం, లోపలికి చూస్తూ నిలబడతాం. లోపల ఏముందో మనకి తెలీదు, అయినా చూస్తాం. ఇంట్లో వాళ్లంతా దిగి కారు వెనకాల నిలబడి ఫోన్లు చూసుకుంటారు. ఇప్పుడు చిన్న లెక్క చూడండి. గంటకి 100 కిలోమీటర్ల స్పీడ్‌లో వచ్చే బండి ఒక్క సెకనులో దాదాపు 28 మీటర్లు దాటేస్తుంది. చీకట్లో మీ కారుని ఎవరైనా 50 మీటర్ల దూరంలో గమనిస్తే అతనికి ఉండే టైమ్ రెండు సెకన్లు కూడా కాదు. అందుకే కారు ఎందుకు ఆగింది అన్నది తర్వాతి ప్రశ్న. కారు ఎక్కడ ఆగింది, మనుషులు ఎక్కడున్నారు, ఇదీ మొదటి ప్రశ్న.

సో, వరుస ఇదీ. కారులో ఏదో తేడా అనిపించగానే ఇండికేటర్ వేసి మెల్లగా ఎడమ పక్కకి రండి. పూర్తిగా తారు రోడ్డు దిగేంత జాగా ఉంటే దిగిపోండి. టైర్ పంచర్ అయినా సరే, నడిరోడ్డు మీద ఆపొద్దు. పది కిలోమీటర్ల స్పీడ్‌లో దొర్లించుకుంటూ సేఫ్ జాగా దాకా తీసుకెళ్లండి. రిమ్ పాడైతే పాడవనీయండి, కొత్తది కొనుక్కోవచ్చు. మలుపులో, ఫ్లైఓవర్ మీద, ఎత్తు దిగే చోట ఆపకుండా ఉండటానికి వీలైనంత ప్రయత్నించండి. అక్కడ వెనకొచ్చేవాళ్లకి మీరు కనిపించరు.

ఆగాక నాలుగు ఇండికేటర్లూ వెలిగే హజార్డ్ స్విచ్ నొక్కండి. హ్యాండ్ బ్రేక్ వేయండి. అందరూ ఎడమ పక్క డోర్ల నుంచే దిగాలి. దిగి రైలింగ్ ఉంటే దాని అవతలికి, లేకపోతే రోడ్డుకి బాగా దూరంగా, కారుకి కాస్త ముందు వైపుకి వెళ్లి నిలబడాలి. కారు వెనక మాత్రం ఎవరూ ఉండొద్దు, కారులోనూ కూర్చోవద్దు. "చలిగా ఉంది, అమ్మమ్మ లోపలే కూర్చుంటుందిలే" అనుకోకండి. దుప్పటి కప్పి బయట కూర్చోబెట్టండి. అస్సలు దిగలేని పరిస్థితి అయితే సీట్ బెల్ట్ తీయకుండా ఉండాలి.

తర్వాత ట్రయాంగిల్. డిక్కీలో ఎర్రటి త్రికోణం ఒకటి ఉంటుంది, చాలామంది దాని కవర్ కూడా విప్పి ఉండరు. హైవే మీద దాన్ని కారు పక్కనే పెడితే లాభం లేదు. కనీసం 100 మీటర్ల వెనక పెట్టాలి, అంటే దాదాపు 130, 140 అంగలు. పెట్టడానికి వెళ్లేటప్పుడు రోడ్డు అంచున కాకుండా ఇంకా పక్కనుంచి, ఎదురుగా వచ్చే బండ్లని చూస్తూ, ట్రయాంగిల్ మీ ముందు పట్టుకుని నడవండి. మన లారీ డ్రైవర్లు ఏం చేస్తారో చూశారుగా? చెట్టు కొమ్మ విరిచి వెనకాల పెడతారు, రాళ్లు పేరుస్తారు. కొమ్మ వరకూ మంచి ఐడియానే. కానీ బండి బాగయ్యాక ఆ రాళ్లు అక్కడే వదిలేసి వెళ్లిపోతారు. తర్వాత ఏ బైక్ వాడో వచ్చి వాటికి గుద్దుకుంటాడు. మీరు మాత్రం పెట్టినవన్నీ తీసేసి బయల్దేరండి.

ఇప్పుడు ఫోన్. నేషనల్ హైవే మీద అయితే 1033, ఇది హైవే హెల్ప్‌లైన్, 24 గంటలూ పనిచేస్తుంది. దెబ్బలు తగిలితే 108. పోలీసు, ఫైర్, ఏ ఎమర్జెన్సీకైనా 112. ఫోన్ చేసినప్పుడు "చిట్యాల దాటాక ఒక దాబా ఉంది కదా" అని చెప్తే వాళ్లకి అర్థం కాదు, ఆ రోడ్డంతా దాబాలే. రోడ్డు పక్కన కిలోమీటర్ రాయి ఉంటుంది. దాని మీద నంబర్ చెప్పి, ఏ ఊరి నుంచి ఏ ఊరి వైపు వెళ్తున్నారో చెప్పండి. ఇంట్లో వాళ్లకి వాట్సాప్‌లో లైవ్ లొకేషన్ పంపండి. మీ ఇన్సూరెన్స్‌లో రోడ్‌సైడ్ అసిస్టెన్స్ ఉందో లేదో ఈరోజే చూసుకోండి. ఉంటే ఆ నంబర్ ఇప్పుడే సేవ్ చేసుకోండి. అక్కడ సిగ్నల్ లేకపోతే పాలసీ పీడీఎఫ్ ఓపెన్ అవ్వదు.

ఇదంతా అయ్యాకే కారు సంగతి. ఎక్కువగా వచ్చేవి మూడు: టైర్, బ్యాటరీ, ఇంజిన్ వేడెక్కడం.

ముందు టైర్. నడుస్తుండగా టైర్ పేలితే బ్రేక్ గట్టిగా తొక్కొద్దు. మనసంతా బ్రేకే తొక్కమంటుంది, కానీ తొక్కితే కారు గిర్రున తిరుగుతుంది. స్టీరింగ్ రెండు చేతులతో గట్టిగా, నిటారుగా పట్టుకోండి. యాక్సిలరేటర్ మీద నుంచి కాలు తీయండి. స్పీడ్ దానంతట అది తగ్గాక మెల్లగా ఎడమకి రండి.

స్టెప్నీ మార్చేటప్పుడు నేల గట్టిగా, చదునుగా ఉండాలి. మట్టి మెత్తగా ఉంటే జాక్ కింద చెక్క ముక్క పెట్టండి. హ్యాండ్ బ్రేక్ వేసి, ఫస్ట్ గేర్‌లో ఉంచి, ఆటోమేటిక్ అయితే పార్క్‌లో ఉంచి, మార్చే చక్రానికి మూలగా ఎదురు ఉన్న చక్రానికి ముందూ వెనకా రాళ్లు అడ్డం పెట్టండి. చాలామందికి తెలియని స్టెప్ ఇక్కడుంది. నట్లని జాక్ ఎత్తక ముందే అర చుట్టు వదులు చేయాలి. కారు లేపాక వదులు చేయాలని చూస్తే చక్రం తిరుగుతుంది, కారు జాక్ మీద నుంచి జారుతుంది. జాక్ ఎక్కడ పెట్టాలో కారు అడుగున, డోర్ కింద అంచుకి గుర్తులుంటాయి. అక్కడే పెట్టాలి. కారు జాక్ మీద ఉన్నంతసేపూ కిందకి తల, చెయ్యి పెట్టొద్దు. విప్పిన నట్లు జేబులో వేసుకోండి. బిగించేటప్పుడు వరసగా కాకుండా ఎదురెదురుగా బిగించాలి. కారు కిందకి దించాక ఫైనల్‌గా గట్టిగా బిగించండి. దారిలో మొదటి పంచర్ షాపు దగ్గర ఆగి నట్లు, గాలి ఇంకోసారి చూపించండి. స్టెప్నీ మిగతా టైర్ల కన్నా సన్నగా ఉంటే దాని మీద స్పీడ్ లిమిట్ రాసి ఉంటుంది, ఎక్కువగా 80. అది దాటొద్దు.

ట్యూబ్‌లెస్ టైర్‌లో మేకు దిగితే అక్కడే లాగేయకండి. మేకు ఉన్నంతసేపు గాలి మెల్లగా పోతుంది, లాగేస్తే గబుక్కున పోతుంది. కొన్ని కొత్త కార్లలో అసలు స్టెప్నీయే ఉండదు, పంచర్ కిట్ ఒక్కటే ఇస్తారు. మీదేంటో బయల్దేరక ముందే డిక్కీ తెరిచి చూసుకోండి.

ఇక బ్యాటరీ. తాళం తిప్పితే టిక్ టిక్ అంటుంది, స్టార్ట్ అవ్వదు, లైట్లు డల్‌గా వెలుగుతాయి, అంటే చాలావరకు బ్యాటరీయే. జంపర్ కేబుల్స్ ఉంటే ఈ వరుస: ఎర్రది ముందు మీ బ్యాటరీ ప్లస్‌కి, రెండో కొస అవతలి కారు బ్యాటరీ ప్లస్‌కి. నల్లది అవతలి కారు మైనస్‌కి, దాని రెండో కొస మీ కారు ఇంజిన్ మీద రంగు లేని లోహానికి, బ్యాటరీకి కాస్త దూరంగా. బ్యాటరీ నుంచి మండే గ్యాస్ వస్తుంది, దాని దగ్గర నిప్పురవ్వ పడకూడదనే ఇలా. అవతలి కారు కాసేపు స్టార్ట్‌లో ఉంచి, తర్వాత మీది స్టార్ట్ చేయండి. ఆటోమేటిక్ కారుని నలుగురు కలిసి నెట్టినా స్టార్ట్ అవ్వదు, ఊరికే నడుం పట్టుకుంటుంది. ఎలక్ట్రిక్ కారు ఆగిపోతే తాడు కట్టి లాగించొద్దు, నాలుగు చక్రాలూ ఎక్కించే ట్రక్ పిలవండి. ఆరెంజ్ రంగు వైర్లు ముట్టుకోవద్దు.

మూడోది, వేడెక్కడం. టెంపరేచర్ ముల్లు ఎరుపు వైపు వెళ్తుంటే ఏసీ ఆపండి, హీటర్ ఫుల్ పెట్టండి. అవును, ఎండాకాలం అయినా సరే. ఇంజిన్ వేడిని హీటర్ కొంత బయటికి లాగేస్తుంది. పక్కకి ఆపి ఇంజిన్ ఆఫ్ చేయండి. ఆ తర్వాత కనీసం అరగంట ఆగండి. వేడిగా ఉన్నప్పుడు రేడియేటర్ మూత తీశారంటే లోపల ప్రెషర్‌లో ఉన్న మరిగే నీళ్లు ముఖం మీదకి చిమ్ముతాయి. పక్కనున్నవాళ్లు "నీళ్లు పోసేద్దాం బ్రో" అంటారు. చెయ్యి పెడితే కాలనంతగా చల్లారాకే మూత ముట్టుకోండి.

ఇంకో రెండు మాటలు. బ్రేక్ పెడల్ తొక్కితే పట్టకపోతే పంప్ చేసినట్టు మళ్లీ మళ్లీ తొక్కండి, ఒక్కో గేర్ తగ్గించండి, హ్యాండ్ బ్రేక్ కొంచెం కొంచెంగా లాగండి. తాళం మాత్రం తీయొద్దు, స్టీరింగ్ లాక్ పడొచ్చు. నీళ్లలో ఇంజిన్ ఆగిపోతే మళ్లీ స్టార్ట్ చేయొద్దు. 2024 సెప్టెంబర్‌లో బుడమేరు పొంగి విజయవాడలో ఎన్ని కార్లు మునిగాయో చూశాం. అలా మునిగిన ఇంజిన్‌ని స్టార్ట్ చేస్తే లోపలికి వెళ్లిన నీళ్లు ఇంజిన్‌నే విరగ్గొడతాయి.

మరి ఇవన్నీ రాకుండా? బయల్దేరే ముందు రోజు పది నిమిషాలు చాలు. డ్రైవర్ డోర్ తెరిస్తే లోపలి అంచుకి ఒక స్టిక్కర్ ఉంటుంది, అందులో ఏ టైర్‌కి ఎంత గాలో రాసి ఉంటుంది. దాన్ని ఫోటో తీసుకోండి. "ఎంత పెట్టమంటారు సార్" అంటే "నువ్వే చూసి పెట్టు అన్నా" అనకండి. ఫుల్ లోడ్‌తో వెళ్తుంటే నంబర్ వేరేగా ఉంటుంది, అదీ చూడండి. టైర్లు చల్లగా ఉన్నప్పుడే గాలి కొట్టించాలి. స్టెప్నీకి కూడా! టైర్ గాడుల లోతు 1.6 మిల్లీమీటర్లకి తగ్గితే మార్చేయాల్సిందే. గాడుల మధ్య చిన్న దిమ్మలుంటాయి, టైర్ అరిగి వాటితో సమానమైందంటే పని అయిపోయినట్టే. టైర్ పక్కన నాలుగంకెల నంబర్ ఉంటుంది. 2321 అంటే 2021లో 23వ వారంలో తయారైందని.

ఇంజిన్ ఆపిన అయిదు నిమిషాలకి డిప్‌స్టిక్ తీసి, తుడిచి, మళ్లీ ముంచి చూడండి. ఆయిల్ రెండు గీతల మధ్య ఉండాలి. కూలెంట్ డబ్బాకీ అలాగే గీతలుంటాయి. లైట్లు, బ్రేక్ లైట్లు, వైపర్లు చూసుకోండి. డాష్‌బోర్డ్ మీద పసుపు లైట్ వస్తే షెడ్డుకి తీసుకెళ్లండి. ఎర్ర లైట్ వస్తే ఆపండి. నూనె డబ్బా బొమ్మ ఎర్రగా వెలిగితే "ఇంకో అయిదు కిలోమీటర్లే కదా" అనుకోవద్దు. ఆ అయిదు కిలోమీటర్లలో ఇంజిన్ పట్టేస్తుంది.

సెల్ఫ్ డ్రైవ్ కారు తీసుకునేటప్పుడు గీతలన్నీ ఫోటో తీస్తాం, డబ్బులు కట్ చేస్తారని భయం. స్టెప్నీ, జాక్, పానా, ట్రయాంగిల్ ఉన్నాయో లేదో మాత్రం చూడం. ఈసారి అవి ముందు చూడండి. ఒక టార్చ్, రెండు లీటర్ల నీళ్లు, పవర్ బ్యాంక్ పెట్టుకోండి.

దారిలో వేరేవాళ్లకి యాక్సిడెంట్ అయితే ఆగడానికి భయపడొద్దు. సాయం చేసినవాళ్ల మీద కేసులు పడకుండా మోటారు వాహనాల చట్టానికి 2019లో చేసిన సవరణలో 134ఏ సెక్షన్ పెట్టారు. మీ బండి సేఫ్‌గా ఆపి, 108కి ఫోన్ చేయండి. అది కూడా పెద్ద సాయమే.

ఈ వీడియో చూడటం అయ్యాక లైక్ కొట్టకపోయినా పర్లేదు. కిందకి వెళ్లి డిక్కీ తెరవండి. ట్రయాంగిల్ కవర్ విప్పి, ఒక్కసారి నిలబెట్టి చూడండి. చీకట్లో, హడావుడిలో దాన్ని మొదటిసారి విప్పే పరిస్థితి మీకు రాకూడదు. పండక్కి ఇంటికి క్షేమంగా వెళ్లి రండి. ఉంటాను మరి, నమస్తే.