రహదారి పచ్చగా వుంటే చాలా?

(మహిళల రేడియో కార్యక్రమంలో చేసిన ప్రసంగ పాఠం)



పోయిన వేసవిలో ఒక పెళ్ళికని మా అత్తగారిని వెంటబెట్టుకుని కారులో బయల్దేరాం. నగరాన్ని బయటినుంచి చుట్టి వెళ్ళే పెద్ద రోడ్డది. సిగ్నళ్ళు లేవు, అడ్డొచ్చే సందులు లేవు. యిలాంటివి యిప్పుడు చాలా నగరాలకు వున్నాయి కనక, అది ఏ రోడ్డన్నది వదిలేయండి. నడుమ డివైడరు పొడుగునా గన్నేరు, కాగితంపూలు విరగబూసి వున్నాయి. "ఎంత బాగుందో చూడండత్తయ్యా!" అన్నాను. ఆవిడ కిటికీలోంచి కాసేపు చూసి, "బాగానే వుంది గాని, అటు చూడమ్మా" అన్నారు.

చూశాను. డివైడరులో కలుపు తీసే ఆడకూలీలు అయిదారుగురు, పక్కన ఆపిన నీళ్ళ ట్యాంకరు నీడలో వరసగా కూర్చుని అన్నం తింటున్నారు. కనుచూపు మేరా పచ్చదనమే. దాన్ని పెంచుతున్నది వాళ్ళే. మధ్యాహ్నం పూట నాలుగు మెతుకులు తినడానికి వాళ్ళకు దొరికిన నీడ మాత్రం ఆ యినప ట్యాంకరుది!

ఆ దృశ్యం నన్ను చాలారోజులు వదల్లేదు. అందుకే యివాళ రహదారుల పక్క చెట్ల గురించి నాలుగు మాటలు చెప్పాలనుకున్నాను.

అందం అక్కర్లేదని నేననను. వాకిట్లో ముగ్గు లేకపోతే మనకు తోచదు. వూరి వాకిలి మాత్రం బోసిగా వుండాలా? రహదారుల అందం కోసం ఒక దేశంలో చట్టమే వచ్చింది. దాని వెనక వున్నది ఒక మహిళ. అమెరికా అధ్యక్షుడు లిండన్ జాన్సన్ భార్యను అందరూ లేడీ బర్డ్ అని పిలిచేవారు. రోడ్ల పక్కన అడ్డదిడ్డంగా నిలబెట్టిన ప్రకటనల బోర్డులు, తుక్కు కార్ల దిబ్బలు ఆవిడ కంటికి నచ్చలేదు. ఆవిడ పట్టుదల వల్ల 1965 అక్టోబరులో రహదారుల సుందరీకరణ చట్టం వచ్చింది. "ఆడవాళ్ళ పూలపిచ్చి" అని నవ్వినవాళ్ళూ లేకపోలేదు. అయినా ఆవిడ వెనక్కి తగ్గలేదు.

మన దేశంలోనూ 2015లో కేంద్ర ప్రభుత్వం హరిత రహదారుల విధానాన్ని ప్రకటించింది. జాతీయ రహదారి నిర్మాణానికయ్యే ఖర్చులో ఒక శాతం మొక్కలు నాటడానికీ, వాటి పోషణకూ కేటాయించాలన్నది అందులో ముఖ్యమైన మాట. కాబట్టి డబ్బు లేదనడానికి లేదు. ఏ మొక్క, ఎక్కడ, ఎవరి కోసం అన్నదే అసలు ప్రశ్న.

రోడ్డు నడుమ గన్నేరు ఎందుకు వేస్తారో ఎప్పుడైనా ఆలోచించారా? పూల కోసమే కాదు. రాత్రిపూట ఎదుటి వాహనాల దీపాల వెలుగు మన డ్రైవరు కళ్ళలో పడకుండా ఆ గుబురు అడ్డుపడుతుంది. నీళ్ళు తక్కువైనా బ్రతుకుతుంది. ఆకులో, పువ్వులో, కాయలో అంతటా విషమే కనక మేకలు గాని, పశువులు గాని దాని జోలికి రావు. (పిల్లలు నోట్లో పెట్టుకోకుండా మనమూ జాగ్రత్తపడాలి సుమా!) అక్కడ పెద్ద చెట్టు వేయకూడదు కూడా. వేగంగా వచ్చే బండి అదుపు తప్పితే మాను గోడ లాంటిది. కనక నడుమ పొదలే వుండాలి. ఆ పని గన్నేరు చక్కగా చేస్తోంది.

అయితే బాగుంది కదా అని మైళ్ళ పొడుగునా ఒకే మొక్క వేస్తే ఏమవుతుందో కూడా చూడాలి. కాలిఫోర్నియా రోడ్ల మీదా మన గన్నేరే దండిగా వేశారు. 1990ల నుంచి అక్కడ ఒక చిన్న పురుగు మోసుకొచ్చే సూక్ష్మజీవి వల్ల ఆకులు మాడిపోయి గుబుర్లకు గుబుర్లే ఎండిపోయాయి. ఒక తెగులు వచ్చిందంటే అన్నీ ఒక్కసారే పోతాయి. రోజూ ఒకే కూర వండం కదా, మొక్కల విషయంలోనూ అంతే.

మన దగ్గర జరిగిన పొరపాట్లు వేరు. త్వరగా పెరగాలి, ఏడాది పొడుగునా పచ్చగా కనబడాలి అన్న ఆత్రంతో కోనోకార్పస్ అనే పరాయిదేశపు మొక్కను డివైడర్లలోనూ, రోడ్ల పక్కనా బారులు తీర్చారు. దాని పుప్పొడి వల్ల వుబ్బసం వస్తుందనీ, వేళ్ళు నీళ్ళ గొట్టాలను చెడగొడుతున్నాయనీ ఆరోపణలు వచ్చాయి. 2022లో తెలంగాణలో దాన్ని నాటవద్దన్నారు. మరుసటి ఏడు గుజరాత్ అటవీశాఖా అదే మాట చెప్పింది. దాని వల్ల ఎంత చెరుపు అన్నదాంట్లో శాస్త్రజ్ఞులందరిదీ ఒకే మాట కాదు. కాని నాటేముందు అడగవలసిన ప్రశ్నలు, చెట్టు మన ఎత్తు పెరిగాక అడిగామన్నది మాత్రం నిజం.

విశాఖపట్నం సంగతి చూడండి. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుఫానుకు నగరంలో చాలా చెట్లు కూలిపోతే, త్వరగా నీడ రావాలని ఏడాకుల పాల చెట్లను విరివిగా వేశారు. అది మన దేశపు చెట్టే, చూడ్డానికీ ముచ్చటగా వుంటుంది. కాని చలికాలం మొదట్లో అది పూసినప్పుడు రాత్రిళ్ళు ఆ ఘాటు వాసనకు తలనొప్పి, ఆయాసం వస్తున్నాయని కిటికీలు మూసుకునే యిళ్ళు వున్నాయి. అడవిలో ఒకటీ అరా వుంటే పరిమళం. పడకగది కిటికీ పక్కన వరసగా వుంటే బాధ.

మరి ఏం వేయాలి? సర్వీసు రోడ్డు వైపు, బస్సు కోసం జనం నిలబడే వైపు నీడనిచ్చే చెట్లు కావాలి. కానుగ వుంది: ఎండలు ముదిరేసరికి కొత్త ఆకు తొడిగి నీడ పరుస్తుంది. వేప వుంది. చోటు బాగా వున్నచోట మర్రి, రావి, చింత, నేరేడు వున్నాయి. కంటికి రంగు కావాలంటే ఎండాకాలంలో పసుప్పచ్చని గుత్తులు వేలాడేసే రేలచెట్టు వుంది. తురాయి పూలు కన్నులపండువే గాని, దాని కొమ్మలు పెళుసు. గాలివానకు విరిగే చెట్టును బస్‌స్టాపు మీదికి వంచడం తెలివి కాదు. చెట్లు దుమ్మును పట్టి ఆపుతాయి, నిజమే. కాని ఒక్క వరస చెట్లు వేసి వాహనాల రొద తగ్గుతుందనుకోకండి. దానికి దట్టమైన తోపే వుండాలి.

క్రీస్తుకు పూర్వం మూడవ శతాబ్దంలో అశోకుడు దారుల పక్కన మర్రిచెట్లు నాటించానని శాసనం వేయించాడు. ఎందుకని? మనుషులకూ, పశువులకూ నీడ కోసమని. హైదరాబాదు నుంచి చేవెళ్ళ మీదుగా వెళ్ళే దారిలో యిరువైపులా వందల మర్రులు గొడుగు పట్టినట్టుండేవి. రోడ్డు వెడల్పు చేయడానికి వాటిని కొట్టాలన్న మాట వచ్చినప్పుడు, నగరవాసులు కొందరు జాతీయ హరిత ట్రిబ్యునల్ గడప ఎక్కారు. ఎక్కరూ మరి? ఒక మర్రికి బదులు వంద పూలమొక్కలు వేసి లెక్క సరిపోయిందంటే, ఆ నీడ మన మనమలు కూడా చూడరు.

యిక ముఖ్యమైన సంగతి. నాటడం ఒక పూట పని. పెంచడం కనీసం మూడు వేసవుల పని. కర్ణాటకలో సాలుమరద తిమ్మక్క అనే ఆవిడ గురించి మీలో చాలామంది వినేవుంటారు. చదువు లేదు, కడుపున బిడ్డలు లేరు. భార్యాభర్తలిద్దరూ హులికల్, కుదూర్ గ్రామాల మధ్య దారికి దాదాపు 385 మర్రిచెట్లను బిడ్డల్లా పెంచారు. బిందెలతో నీళ్ళు మోశారు, పశువులు మేయకుండా ముళ్ళకంప కట్టారు. 2019లో ఆమెకు పద్మశ్రీ యిచ్చారు. ఆమె గొప్పతనం గుంట తీసిన రోజున లేదు, బిందె ఎత్తిన ప్రతి రోజునా వుంది.

యిందాక చెప్పిన లేడీ బర్డ్ కూడా యిది గ్రహించింది. 1969లో అధ్యక్ష భవనం వదిలి సొంత రాష్ట్రం టెక్సాస్ చేరాక, ఆ నేలలో పుట్టిన మొక్కలతో రోడ్లను అందంగా వుంచిన రహదారి సిబ్బందికి ఏటా తన డబ్బుతో బహుమతులు యిచ్చేది. నాటుతూ ఫోటో తీయించుకున్న పెద్దలకు కాదు, ఆ రోడ్డును రోజూ చూసుకునే ఉద్యోగులకు!

మనం యింట్లో కూర్చుని ఏం చేయగలం అంటారా? మీ పేటలో మొక్కలు నాటడానికి వచ్చినప్పుడు మూడు ప్రశ్నలు అడగండి. మూడేళ్ళు దీనికి నీళ్ళెవరు పోస్తారు? పెద్దయ్యాక దీని కొమ్మలూ, వేళ్ళూ ఎక్కడిదాకా పోతాయి? దీని నీడ ఎవరికి? జవాబు లేకపోతే, నలుగురు కలిసి కాగితం మీద రాసి సంతకాలు పెట్టి అధికారులకు పంపండి. మీ వీధి చివర బస్‌స్టాపు దగ్గర వున్న ఒక్క మొక్కను మీదనుకోండి. వారానికి రెండుసార్లు బియ్యం కడిగిన నీళ్ళు, కూరలు కడిగిన నీళ్ళు పోస్తే చాలు. మొదలు చుట్టూ సిమెంటు పోస్తుంటే ఆపించండి. దాని కింద ఆకులు, చెత్త తగలబెట్టనివ్వకండి. ఆకు రాలి వాకిలి పాడవుతోందని కొమ్మలు కొట్టించే పని మాత్రం పెట్టుకోకండి. ఆ తప్పు మనమే ఎక్కువ చేస్తాం!

మా అత్తగారికి యిప్పుడొక అలవాటైంది. ఎక్కడ కొత్త మొక్క కనబడినా, "ఏమమ్మా, దీని కింద ఎవరైనా కూర్చుని అన్నం తినగలరా?" అని అడుగుతారు. నడుమ పొదలకు ఆ ప్రశ్న వర్తించదని నేను చెబుతూనే వుంటాను. "నడుమ సంగతి సరే, పక్కనో?" అంటారు. దానికి నా దగ్గర యింకా జవాబు లేదు. మీ వూళ్ళో వుందేమో చూడండి.