ఏటికొక పెన్నీ



పేదల పక్షమున మాటలాడువాడు శాసనసభకు పోవలెనన్న, అతనిని నిలువబెట్టు ధనమెవరిది? ఈ ప్రశ్నకు బ్రిటన్ కార్మికులు చెప్పిన సమాధానమును లెక్కలు వ్రాయువానిగా మనవి చేసెదను.

1900 ఫిబ్రవరిలో లండన్ నగరమున కార్మిక ప్రాతినిధ్య సంఘము వెలసెను. లేబరు పార్టీకి మూలమదియే. ఆనాడు పార్లమెంటు సభ్యులకు జీతము లేదు. ఎన్నిక జరుపు ఖర్చును సైతము అభ్యర్థులే భరింపవలెను. పేదవానికి సభాద్వారము దాదాపుగా మూసియుండెను.

1903లో ఆ సంఘము, అనుబంధ సంఘముల సభ్యులు తలకు ఏటికొక పెన్నీ చొప్పున చెల్లించు నిధి నేర్పరచి, గెలిచినవారికి సాలుకు 200 పౌన్ల భృతి నియ్య నిశ్చయించెను. నాడు పౌనుకు 240 పెన్నీలు. అనగా ఒక్క ప్రతినిధిని పోషించుటకు 48,000 మంది చేయి కలుపవలెను! 1906లో 29 మంది గెలిచిరి.

1909లో, కార్మిక సంఘములు తమ ధనమును రాజకీయములకు వెచ్చింపరాదని ప్రభువుల సభ తీర్పు చెప్పెను. 1911లో సభ్యులకు 400 పౌన్ల వేతన మేర్పడెను. 1913 చట్టము ప్రత్యేక నిధిని అనుమతించుచు, సభ్యుల ఓటును కోరెను. ఇష్టము లేనివాడు తప్పుకొనవచ్చుననెను. అది న్యాయమే. బలవంతపు చందా దండుగ యగును గాని దానము కాదు.

నేడు మన శాసనసభకు సామాన్య అభ్యర్థి కట్టవలసిన ధరావతు 10,000 రూపాయలు. నూరుగురు నూరేసి యిచ్చిన చాలును. మూటలిచ్చిన యొక్కనికి ప్రతినిధి ఋణపడును. నూరుగురికి జవాబుదారి యగును.

ఇరువదియైదేండ్లుగా మన చందాలతో నిలిచిన యీ గ్రంథాలయమున లెక్క యడుగు హక్కు ప్రతి చందాదారునకును గలదు. ఎన్నికల నిధికిని రసీదు, పద్దు, ప్రశ్న యుండవలెను. ఇచ్చిన చేయి అడుగుట మానరాదు.