గీటునుండి బయలుదేఱుట



నేడు చదువుకొన్న పిల్లలు “ఈ పనిని స్క్రాచ్ నుండి మొదలుపెట్టితిమి” అనుట మన యిండ్లలో తఱచుగా వినబడుచున్నది. ఇది ఆంగ్లభాషలోని నుడికారము. కూడబెట్టిన సొమ్ముగాని, సిద్ధమైన సామగ్రిగాని, పరుల తోడ్పాటుగాని లేక మొట్టమొదటినుండి పని సాగించుట యని దీని భావము. మన ‘ఓనమాలనుండి’ యను మాటకు ఇది చాల దగ్గఱ. ఐతే మన మాట బడిలో పుట్టినది. వారి మాట పందెపు బయలులో పుట్టినది.

స్క్రాచ్ అనగా గీకుట; గీకగా నేలపై పడిన గీటు. ఇంగ్లండులో పరుగు పందెములు ప్రారంభమగు రేఖకు ఈ పేరు కలిగెను. ముష్టియుద్ధములందును ఇట్టి గీటు ఉండెడిది. 1838వ సంవత్సరపు లండను నిబంధనల ప్రకారము, క్రిందపడిన యోధునకు 30 సెకండ్లు విశ్రాంతి నిచ్చెడివారు. పిదప 8 సెకండ్లలో నాతడు పరుల యూత లేక రంగమధ్యముననున్న గీటుకడకు రావలెను. రాలేనిచో నోడినట్లే.

ఆ శతాబ్దముననే పరుగులలోను, సైకిలు పందెములలోను మఱియొక పద్ధతి ప్రబలెను. బలహీనులకు వారి శక్తి ననుసరించి కొన్ని గజములు ముందుగా చోటిచ్చెడివారు. అందఱిలో మేటియైనవాడు మాత్రము గీటుకడనే నిలువవలెను. వానికి ముందంజ సున్న. ఆ ‘సాయము లేని చోటు’ అను భావమే క్రమముగా ‘ఏమియు లేని స్థితి’ యను భావముగా మాఱినది. గోల్ఫ్ ఆటలో నేటికిని, లెక్కలో తగ్గింపు అక్కఱలేనంతటి నేర్పరిని ‘స్క్రాచ్ ఆటగాడు’ అందురు.

కావున మనము జాలితో పలుకు నీ మాట, మొదట శక్తిమంతుని స్థానమును తెలుపునది. అన్నియు పోగొట్టుకొని మరల సేద్యమునకో వర్తకమునకో దిగినవానిని చూచి నిట్టూర్చువారు ఈ సంగతి తలపవలెను.

బడిపంతులుగా నాకు తోచిన మాట యొకటి కలదు. తాతతండ్రులు చదివిన యింటి పిల్లవానికి బడికి రాకమునుపే సగ మక్షరములు చెవిని పడియుండును. వంశమున మొట్టమొదట పలక పట్టినవానికి బడి గడపయే గీటు. పందెపు పెద్దలు బలహీనునకు ముందు చోటిచ్చిరి. మన బడులలో ఆ ముందంజ బలవంతునికే దక్కుచున్నది. అట్లుండగా, వెనుకబడిన బిడ్డను మందమతి యని గద్దించుట న్యాయమా?

గ్రామపెద్దలగు మీరు అట్టి బిడ్డను సాయంకాలము అరుగుపై కూర్చుండబెట్టుకొని, గడియసేపు చదివింపుడు. పందెపు పెద్దలు కొలిచి యిచ్చిన గజములవంటిదే మీరు వానికిచ్చు ఆ గడియ.