పినియన్ నట్టు బిగింపు



లారీ, జీపు మున్నగు బండ్ల వెనుక ఇరుసునకు నడుమ గుమ్మడికాయవలె ఉబ్బియున్న ఇనుప పెట్టె యొకటి కలదు. దానినే డిఫరెన్షియల్ అందురు. దాని ముందుభాగమున, ప్రొపెల్లర్ షాఫ్టు కొనను పట్టుకొనియుండు ఉక్కు కొమ్ముల అమరికకు యోకు అని పేరు. యోకు నడుమ ఒక పెద్ద నట్టుండును. ఆయిల్ సీలు కారినను, యోకు అరిగినను ఆ నట్టును ఊడదీయక తప్పదు. ఊడదీయుట యెవరికైనను సాధ్యమే. మరల బిగించుటయే విద్య. దానిని గుఱించి ఈ పూట మీకు కొంత మనవి చేసెదను.

నేను పని నేర్చుకొనుచున్న దినములలో ఒక చిన్న లారీకి యోకును, సీలును మార్చితిని. నట్టు వదులైనచో ప్రమాదమని తలచి, పానాకు పొడవైన గొట్టమును తొడిగి, ఒంటిలోని సత్తువ కొలది బిగించితిని. చమురు కారుట నిలిచినది. యజమాని సంతసించెను; నేను గర్వించితిని. పది దినములు గడచిన పిమ్మట ఆ బండి మరల వచ్చినది. తనంత తాను రాలేదు. మఱియొక బండి ఈడ్చుకొనివచ్చినది. బేరింగులు మాడి నల్లబడియుండెను. మా మేస్త్రి నన్ను తిట్టలేదు. మాడిన బేరింగును నా చేతిలో పెట్టి, "బలముతో బిగించితివి సరే, చేతితో త్రిప్పి చూచితివా?" అని మాత్ర మడిగెను. ఆ ప్రశ్నలోనే విషయమంతయు ఇమిడియున్నది.

ఎట్లన, పినియన్ కడ్డీని రెండు బేరింగులు మోయుచుండును. అవి అమెరికాలో హెన్రీ టిమ్కెన్ 1898వ సంవత్సరమున పేటెంటు పొందిన జాతికి చెందినవి. వాని రోలర్లు ఒకవైపు లావుగను, మఱియొకవైపు సన్నముగను ఉండును. నట్టు బిగించినకొలది ఈ రెండు బేరింగులు తమ గిన్నెలలోనికి ఒత్తుకొనుచుండును. ఎడ్లబండి చక్రము ఇరుసుపై కొంత ఊగినను పయనము సాగును. పినియన్ అట్లు ఊగరాదు. అది వెండ్రుకవాసి కదలినను క్రౌను చక్రముతో పండ్ల కలయిక చెడును. మొదట ఊళ, పిదప పండ్ల విఱుగుడు. కావున బేరింగులకు ముందుగనే కొంత ఒత్తిడి నీయవలెను. ఆ ఒత్తిడి మితిమీఱినచో వేడి పుట్టి బేరింగులు మాడును. బండి వేగముగ పోవుచుండగా అవి బిగుసుకొన్నచో వెనుక చక్రములు నిలిచిపోవును. బండిలోని వారి ప్రాణములకే ముప్పు.

అనేక ఇరుసులలో ఈ రెండు బేరింగుల నడుమ నలుగునట్టి ఉక్కు గొట్ట మొకటి యుండును. దానికి క్రష్ స్లీవు అని పేరు. నట్టు బిగించినకొలది అది నలిగి పొట్టియగును. ఒకసారి నలిగినది మరల సాగదు. మఱికొన్ని ఇరుసులలో నలుగని గొట్టమో, పలుచని రేకులో ఉండును. అట్టి వానిలో రేకుల లెక్క మారకున్నంతవఱకు, తయారీదారు చెప్పిన బలమునకు నట్టును బిగించిన చాలును. కాబట్టి మీ బండిలోని దేదియో ముందుగ తెలిసికొనుడు.

ఇక పని క్రమము. బండిని చదునైన నేలపై నిలిపి, ముందు చక్రములకు అడ్డుకట్టలు పెట్టవలెను. జాకీని మాత్రమే నమ్మక గట్టి స్టాండులపై ఇరుసును నిలుపవలెను. వెనుక చక్రములను, బ్రేకు డ్రమ్ములను తీసివేయవలెను. లేనిచో బ్రేకుల రాపిడియు లెక్కలో కలియును. షాఫ్టును గుర్తు పెట్టి విప్పిన పిమ్మట, నట్టును ముట్టక మునుపే, అంగుళ-పౌనుల టార్కు రెంచితో పినియన్‌ను నిదానముగ త్రిప్పి, తిరుగుచుండగా ముల్లు చూపు అంకెను వ్రాసికొనవలెను. కదలునప్పటి మొదటి ఊపును లెక్కింపరాదు.

చాలమంది నట్టుకు గుర్తు పెట్టి, మరల ఆ గుర్తునకే బిగించెదరు. పాత యోకునే తిరిగి వేయునప్పుడు అది కొంత తోడ్పడును. క్రొత్త యోకు మెడ పొడవులో రవంత తేడా యున్నను ఆ గుర్తు అబద్ధమాడును. త్రిప్పి కొలిచిన అంకె మాత్రము అబద్ధమాడదు.

యోకును పుల్లరుతో లాగవలెనే గాని సుత్తితో కొట్టరాదు. క్రొత్త సీలు పెదవికి నూనె రాచి, క్రొత్త నట్టునే వాడవలెను. యోకు తిరుగకుండ పొడవైన ఇనుప పట్టీతో పట్టి, నట్టును కొద్దికొద్దిగ బిగింపవలెను. ప్రతి బిగింపునకు పినియన్‌ను పలుమార్లు త్రిప్పి, రోలర్లు కుదురుకొనిన పిదప కొలువవలెను. గాలితో కొట్టు యంత్రమును ఇచట వాడితిరా, కన్ను మూసి తెఱచునంతలో మేర దాటును.

ఉదాహరణమునకు, అమెరికాలోని ఫోర్డు వారి 8.8 అంగుళముల ఇరుసునకు నట్టు బలము కనీసము 140 అడుగు-పౌనులు; త్రిప్పునప్పటి నిరోధము పాత బేరింగులకు 8 మొదలు 14, క్రొత్తవానికి 16 మొదలు 29 అంగుళ-పౌనులు. మొదట వ్రాసికొనిన అంకె ఈ మేరకంటె తక్కువైనచో ఈ మేరకును, ఎక్కువైనచో ఆ అంకెకును బిగింపవలెను. అంగుళ-పౌనులు పండ్రెండైన ఒక అడుగు-పౌను. నట్టును బిగించు బలము వేఱు, పినియన్ తిరుగు నిరోధము వేఱు. ఈ రెంటిని కలగలుపుటయే నాటి నా తప్పు.

పొరపాటున మేర దాటినచో నట్టును కొంత వదులు చేసి సరిపుచ్చుదమని తోచును. అది తగదు. నలిగిన గొట్టము మరల లేవదు. నట్టు పట్టు సడలును. మరల విప్పి క్రొత్త స్లీవు వేయుటయే మార్గము. అది కొద్ది వెలకే దొరకును. మాడిన బేరింగుల వెల, నిలిచిన బండి నష్టము దానికంటె ఎన్నియో మడుంగులు.

సోదరులారా! పానాను పట్టిన చేతికి బలము సహజము. ఎచట ఆగవలెనో తెలియుటయే పనివాని తనము. బిగించుడు, త్రిప్పుడు, కొలువుడు. పిమ్మట మరల కొంచెము బిగించుడు.