పెరుగు, ప్రేగులు, కాలేయము
(గ్రంథాలయ రజతోత్సవ సభయందు చేసిన ఉపన్యాసము)



ఈ ఉత్సవ సందర్భమున ఆరోగ్యవిషయమొకటి చెప్పుమని కార్యదర్శిగారు కోరినప్పుడు, ఏది చెప్పవలెనని నేను అట్టే ఆలోచింపలేదు. ఇటీవల నన్ను కలిసికొన్నవారిలో పలువురు అడుగుచున్న ప్రశ్న ఒక్కటే. పెరుగు కాలేయమునకు మందట, నిజమేనా? మందుల అంగళ్లలో ప్రోబయోటిక్కులను పేర అమ్ముచున్న గొట్టపు మాత్రలు మ్రింగినచో చెడిన కాలేయము బాగుపడునా? ఇందు నిజము కొంత కలదు. ఆ కొంత ఎంతయో తెలియకున్నచో ఇంటిలోని రోగి ప్రాణమునకు ముప్పు వాటిల్లు సందర్భములు కలవు. అందుచేతనే ఈ విషయమును ఎన్నుకొంటిని.

ప్రేగులలోని క్రిములకును కాలేయమునకును సంబంధమేమో ముందు చూతము. కాలేయము కుడివైపున ప్రక్కటెముకల మాటున నుండును. పెద్దవారిలో దాని బరువు ఇంచుమించు కిలోన్నర. తక్కిన అవయవములకు రక్తము గుండెనుండి నేరుగా వచ్చును. కాలేయమునకు వచ్చు రక్తములో ముప్పాతిక వంతు వేరొక త్రోవను వచ్చును. జీర్ణకోశమునుండి, ప్రేగులనుండి, ప్లీహమునుండి బయలుదేరిన రక్తమంతయు ఒక పెద్ద సిరలో చేరి, గుండెకు పోవుటకు ముందు కాలేయమున ప్రవేశించును. దీనిని పోర్టల్ సిర యందురు. సంతకు వచ్చు బండ్లన్నియు ముందు సుంకపు ఠాణాకడ నిలిచి రావలసినట్లు, మనము తిన్న అన్నసారము, దానితో కలిసి వచ్చిన మంచిచెడ్డలు అన్నియు అచట తనిఖీ కావలసినదే. ఆ ఠాణాలో కావలివాండ్రవంటి కణములు గలవు. జర్మను శాస్త్రజ్ఞుడు కుఫర్ పేరిట వానిని కుఫర్ కణములందురు. ప్రేగులనుండి జారివచ్చిన క్రిములను, క్రిముల ముక్కలను ఇవి పట్టి మ్రింగివేయును.

మన ప్రేగులలో నున్న క్రిములు తక్కువ కాదు. ఒక లెక్క ప్రకారము ఒక మనిషిలో సుమారు 38 లక్షల కోట్లు. ఇవి అన్నియు శత్రువులు కావు. మనకు అరుగని పీచును ఇవి అరిగించును. కొన్ని విటమినులను తయారుచేయును. అయితే మాంసకృత్తులను విరుగగొట్టునప్పుడు అమ్మోనియా యను విషవాయువును గూడ పుట్టించును. ఆరోగ్యముగల కాలేయము దానిని యూరియాగా మార్చును. అది మూత్రములో పోవును. కాలేయము ఆ పని చేయజాలనినాడు ఏమగును?

ఈ ప్రశ్నకు 1893లో పీటర్సుబర్గు నగరమున పావ్లోవు, నెన్స్కీ మొదలగువారు కుక్కలపై పరీక్ష చేసి సమాధానము చెప్పిరి. ప్రేగుల రక్తము కాలేయములోనికి పోకుండ శస్త్రచికిత్సచే త్రోవ మళ్లించిరి. అట్టి కుక్కలు మాంసము తిన్నప్పుడు తూలిపోయి, వడకి, మూర్ఛిల్లినవి. చెడినది కాలేయపు త్రోవ. బాధ కనబడినది మెదడునందు.

మనుష్యులలోను ఇట్లే జరుగును. మద్యము వలననో, హెపటైటిస్ బి, సి క్రిముల వలననో, కొవ్వు పట్టుట వలననో కాలేయము గడ్డకట్టి మచ్చలుపడి గట్టిపడును. దీనిని సిరోసిస్ అందురు. అట్టి రోగి ఒకనాడు పగలు నిద్రించి రాత్రి మేల్కొనును. లెక్క తప్పును. చొక్కా బొత్తాములు పెట్టుకొనలేడు. చేతులు ముందుకు చాచి, అరచేతులు ఎదుటివారికి కనబడునట్లు మణికట్టు పైకెత్తి నిలుపుమన్నచో, పక్షి రెక్కలాడించినట్లు చేతులు వ్రాలి లేచుచుండును. మన పల్లెలలో దీనిని చూచి త్రాగివచ్చినాడని తిట్టువారు కలరు. గాలి సోకినదని తాయెత్తు కట్టించువారును కలరు. అది ప్రేగులనుండి మెదడునకు చేరిన విషము. మలబద్ధము, రక్తవాంతి, జ్వరము, నిద్రమాత్రలు, వీనిలో ఏదియైనను దానిని రేపవచ్చును. ఆ సమయమున ఆసుపత్రికి చేర్చుటలో జాగు పనికిరాదు.

ఇక పెరుగు కథ. 1905లో గ్రిగొరోవ్ అను బల్గేరియా విద్యార్థి జెనీవాలో తమ దేశపు పెరుగునందలి క్రిమిని కనుగొనెను. పారిసు పాశ్చరు సంస్థలో పనిచేయుచుండిన మెచ్నికోవ్ దానిని అందిపుచ్చుకొనెను. పెద్దప్రేగులో క్రుళ్లు పుట్టించు క్రిములే ముసలితనమునకు మూలమనియు, పెరుగు పులుపు వానిని అణచుననియు, బల్గేరియా పల్లెవాసుల దీర్ఘాయువునకు అదియే కారణమనియు ఆయన వాదించెను. 1908లో నోబెల్ బహుమానము పొందిన మహాశాస్త్రజ్ఞుడు గనుక లోకము విన్నది. పారిసులో పులిసిన పాలకు గిరాకి పెరిగినది. ఆయన స్వయముగా నేమో 71వ యేట, 1916లో, కాలధర్మము చెందెను. పైగా ఆ బల్గేరియా క్రిమి మన ప్రేగులలో కాపురముండదని తరువాతివారు తేల్చిరి. అయినను పుట్టిన ఊహ మాత్రము చావలేదు. తగినంత సంఖ్యలో సజీవముగా లోనికి పోయి ఆరోగ్యమునకు మేలుచేయు క్రిములే ప్రోబయోటిక్కులని 2001లో ప్రపంచ ఆరోగ్య సంస్థయు, ఆహార వ్యవసాయ సంస్థయు కలిసి నిర్ణయించినవి.

'సజీవముగా' అను మాట గమనింపుడు. ఇడ్లీపిండి పులియుట క్రిముల చలువయే. కాని ఆవిరిలో ఉడికిన పిదప అవి చచ్చును. మజ్జిగపులుసు సంగతియు నంతే. చల్లని పెరుగులోను, తరవాణి కుండలోను అవి బ్రతికియుండును. ఏ జాతివి, ఎన్ని యని ఇంటి పెరుగునకు లెక్క లేదు. ఒక ఇంటి తోడునకును పొరుగింటి తోడునకును రుచి తేడా ఉండుట మీరెరిగినదే కదా!

ప్రసంగవశమున ఒక మాట. పులుపు క్రిములకును కాలేయమునకును మరియొక విధమైన చుట్టరికము కలిపినవారిలో మన తెలుగువాడొకడు గలడు. 1895లో భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారు అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో, కాలేయమునందు దొరకు ఫోలిక్ ఆమ్లమును వేరుచేయించి, 1945 నాటికి కృత్రిమముగా తయారుచేయించిరి. సత్త్వములో ఆ పదార్థమెంత యున్నదో కొలుచుటకు వారికి కొలబద్దగా ఉపయోగపడినది పాలను పులియబెట్టు జాతి క్రిమి, లాక్టోబాసిల్లస్ కేసీ. ఫోలిక్ ఆమ్లము ఉన్నచో అది పెరుగును, లేనిచో పెరుగదు.

ఇక ప్రోబయోటిక్కులు మందుగా ఎంతవరకు పనిచేయును? 2014లో చండీగఢ్ పోస్టుగ్రాడ్యుయేటు వైద్యసంస్థవారు ఒక పరీక్ష ప్రకటించిరి. ఒకసారి మెదడు మైకము వచ్చి కోలుకొనిన 130 మంది సిరోసిస్ రోగులలో కొందరికి పలుజాతుల క్రిములుగల పొడిని, కొందరికి ఉత్తపొడిని ఆరుమాసములిచ్చిరి. మైకముతో ఆసుపత్రిలో చేరవలసివచ్చినవారు క్రిములపొడి తిన్నవారిలో నూటికి 20 మంది, ఉత్తపొడి తిన్నవారిలో 42 మంది. ఇది చిన్న మేలు కాదు. అయితే మైకము తిరిగి వచ్చినవారిని మొత్తముగా లెక్కించినప్పుడు 35కును 52కును గల ఆ భేదము యాదృచ్ఛికము కావచ్చునని తేలినది. 2017లో ఇట్టి పరీక్షలు 21 యేర్చి, 1420 మంది ఫలితములను కలిపి తూచినవారు, కొంత ఉపయోగము కనబడుచున్నది గాని మరణములు తగ్గినట్లు లేదనియు, పరీక్షల నాణ్యమే తక్కువ యనియు వ్రాసిరి.

కాలేయమునకు కొవ్వు పట్టినవారి విషయమున ఫలితమింకను తక్కువ. ఇంగ్లండులోని సౌతాంప్టన్ వైద్యులు 104 మందికి సుమారు ఏడాది పరీక్ష చేసి 2020లో ప్రకటించిరి. మందు తిన్నవారి ప్రేగులలోని క్రిములు మారినవి. కాలేయములోని కొవ్వు మాత్రము తరుగలేదు. దానిని తరిగించునది బరువు తగ్గుట. శరీరపు బరువులో నూటికి 7 నుండి 10 వంతులు తగ్గినచో కాలేయము తేటపడును. అందుకు నడక కావలెను, తీపిని, అన్నపు రాశిని తగ్గింపవలెను. మాత్ర మ్రింగుటకంటె ఇది కష్టము. అందుకే మాత్రకు గిరాకి.

ప్రోబయోటిక్కుల వలన హానియే లేదనుకొనుటయు తగదు. 2008లో నెదర్లాండ్సువారు, క్లోమగ్రంథి తీవ్రముగా వాచిన దాదాపు 300 మందిపై జరిపిన పరీక్షలో, క్రిములనిచ్చినవారిలో నూటికి 16 మందియు ఇయ్యనివారిలో 6 మందియు మరణించిరి. అది వేరొక జబ్బు, నిజమే. కాని మిక్కిలి నీరసించిన రోగికి వైద్యునడుగక ఈ మాత్రలు పెట్టరాదనుటకు ఆ సాక్ష్యము చాలును.

నన్ను మిక్కిలి కలతపెట్టు సంగతి వేరొకటి. మెదడు మైకము వచ్చు రోగికి వైద్యులు లాక్ట్యులోజ్ అను తియ్యని పానకము వ్రాసియిత్తురు. 1966లో స్విట్జర్లండున బిర్చర్ మొదలగువారు దీనిని ఈ జబ్బునకు ప్రవేశపెట్టిరి. ఇది క్రిమి కాదు, చక్కెర. మనకు అరుగదు, పెద్దప్రేగులోని క్రిములు దానిని తిని పులుపు పుట్టించును. ఆ పులుపులో అమ్మోనియా చిక్కుపడి, మలముతో బయటకు పోవును. మెచ్నికోవ్ కన్న కల ఆయన ఊహింపని త్రోవను కొంత ఫలించినదనవచ్చును. దినమునకు రెండు మూడుసార్లు మెత్తని విరేచనమగునట్లు మోతాదు సరిచూచుకొనవలెను. కొందరిండ్లలో ఏమి చేయుచున్నారనగా, విరేచనములగుచున్నవని ఈ మందు మాన్పించి, 'పెరుగు చాలునులే' యని సరిపెట్టుచున్నారు. అమ్మలారా, ఆ విరేచనమే మందు పనిచేయుచున్నదనుటకు గుర్తు. మితిమీరినచో మోతాదు తగ్గింపుమని వైద్యునడుగుడు; మాన్పింపకుడు. దీనితోబాటు వ్రాయు రిఫాక్సిమిన్ మాత్రను 2010లో 299 మందిపై పరీక్షించి చూచిరి. ఆరు మాసములలో మైకము తిరుగబెట్టినవారు ఉత్తమాత్రవారిలో నూటికి 46 మంది కాగా, ఈ మాత్రవారిలో 22 మంది.

దీనికి విపరీతముగా, కాలేయరోగికి పప్పు, పాలు, పెరుగు అన్నియు మాన్పించి గంజితో నుంచువారును కలరు. ఒకప్పుడు వైద్యులే, ఆ మాంసము తిన్న కుక్కలను తలచుకొని, అట్లు చెప్పెడివారు. 2004లో స్పెయిన్ వైద్యులు పరీక్షించి, మామూలుగా మాంసకృత్తులు పెట్టినందున కీడు లేదని చూపిరి. కండ కరగిపోవుటయే అట్టి రోగికి ఎక్కువ ప్రమాదము. కండకూడ అమ్మోనియాను కొంత హరించును. ఇప్పుడు చెప్పుచున్నది బరువున ప్రతి కిలోకు దినమునకు 1.2 నుండి 1.5 గ్రాముల మాంసకృత్తులు. 50 కిలోల మనిషికి 60 గ్రాములకు తక్కువ కారాదు. నూరు గ్రాముల పెరుగులో మూడు నాలుగు గ్రాములే యుండును గనుక పప్పు, పాలు, గ్రుడ్డు కూడ కావలెను. మాంసముకంటె పాలు, పెరుగు, పప్పుల మాంసకృత్తులను ఈ రోగులు బాగుగా ఓర్చుకొందురు. నా మట్టుకు, కాలేయరోగి విస్తరిలో పెరుగు గౌరవము ఇందుననే హెచ్చు. అది మందుగా గాక అన్నముగా మేలుచేయును. రాత్రి పరుండబోవు ముందు కొంత పెరుగన్నము పెట్టినచో తెల్లవారువరకు ఉపవాసమును తప్పును.

ఒక్క జాగ్రత్త. కడుపున నీరు పట్టినవారికి ఉప్పు పరిమితముగా ఉండవలెను. ఉప్పువేసిన మజ్జిగ, ఊరమిరపకాయలు, ఊరగాయ వారికి తగవు.

వెనుక వరుసలోని పెద్దమ్మగారు మీగడపెరుగు మంచిదా, మజ్జిగ మంచిదా యని అడుగుచున్నారు. కాలేయమునకు కొవ్వు పట్టి బరువు హెచ్చినవారికి వెన్న తీసిన మజ్జిగ. సిరోసిస్‌తో చిక్కి శల్యమైనవారికి, అరిగినంతవరకు, మీగడతోనే పెట్టుడమ్మా.